గృహరుణ ఫైళ్లపై నోట్సు: చివరికి మాకు కుదిరిన పద్ధతి

మా గృహరుణ విభాగంలో ఒక్కో ఫైలును నలుగురం చూస్తాం. ఈసీ (ఆస్తిపై నమోదైన అప్పులు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం) అడిగామా, లింకు దస్తావేజు (ఆ ఆస్తి అంతకుముందు చేతులు మారిన పాత పత్రం) వచ్చిందా అన్నది తెలియక ఒకే కాగితం కోసం ఖాతాదారుకు మూడుసార్లు ఫోను చేసేవాళ్లం. పాపం, వాళ్లు విసుక్కోవడంలో తప్పేముంది? వాట్సాప్ గ్రూపు, రంగు చీటీలు, ఉమ్మడి ఎక్సెల్ షీటు, ఏవీ నిలవలేదు.

ముందు ప్రతి ఫైలుకూ ఒకే నోట్సు పత్రం తెరిచి, దరఖాస్తు సంఖ్యనే దానికి పేరుగా పెట్టాను. తర్వాత పైభాగంలో మూడు వరుసలు ఉంచాను: ఫైలు ఏ దశలో ఉంది, ఏమి రావాలి, ఎవరు ఎప్పటిలోగా తెప్పించాలి. చెరిపి తిరగరాసేది ఈ మూడింటినే. వాటి కింద తేదీ, పొడి అక్షరాలతో కొత్త నోటు చేరుతుంది. పాత నోటును ఎవరూ దిద్దకూడదు. అసలు మార్పు తెచ్చింది రాసే తీరు. ‘ఈసీ పెండింగ్’ అంటే చాలదు. ‘13 ఏళ్ల ఈసీ ఉంది, 30 ఏళ్లది కావాలని న్యాయవాది అడిగారు’ అని రాయాలి. ఆధార్, పాన్ సంఖ్యలు నోట్సులోకి రానివ్వం.

మాది చిన్న జట్టు కాబట్టి కుదిరింది. పలు శాఖల మధ్య ఫైళ్లు తిరిగేచోట ఇంతే చాలుతుందని చెప్పలేను.