పసుపు గొంతు పికిలిపిట్ట: గుర్తించడం, కాపాడుకోవడం

హార్స్‌లీ హిల్స్, నంది హిల్స్ లాంటి బండరాళ్ల కొండల్లో, రాళ్ల సందున పెరిగిన పొదలే ఈ పిట్ట ఇల్లు. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో దీనికి ముప్పున్నట్టు నమోదైంది.

ఎక్కువమంది పొరబడేది తెల్ల కనుబొమ్మ పికిలిని చూసి. రెండూ అవే పొదల్లో తిరుగుతాయి, కూతలూ దగ్గరగా ఉంటాయి. అందుకే కూత ఒక్కటే విని పేరు రాసెయ్యకండి. ముందు కంటి పైన చూడండి. తెల్ల గీత ఉంటే ఇది కాదు. మన పిట్టకు తల పసుపు కలిసిన ఆకుపచ్చ, గొంతు నిండు పసుపు. ఆ పసుపు రొమ్ము దగ్గర ఆగి బూడిదరంగు మొదలవుతుంది. తోక కింద మళ్లీ పసుపు. పొడవు 20 సెంటీమీటర్లు.

తెల్లవారాక మొదటి రెండు గంటలు మంచి సమయం. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే 8×42 బైనాక్యులర్‌ చాలు. కొండంతా తిరిగితే అలికిడికి పొదల్లోకి జారుకుంటుంది. పండ్లున్న జువ్వి చెట్టుకు పాతిక ముప్పై మీటర్ల దూరంలో కదలకుండా కూర్చోండి, అదే వస్తుంది.

ఫోన్‌లో కూత వినిపించి పిలవకండి. జూన్ నుంచి ఆగస్టు దాకా గూడు పెట్టే కాలం. శబ్దం వెంట వచ్చిన పిట్ట గుడ్లను వదిలేసి వస్తుంది. గూటి ఫొటో కోసం కొమ్మలు వంచితే మరుగు పోయి కాకుల కంట పడుతుంది. గూళ్లను చెరపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

కొండ దిగువన మీకు పొలం ఉంటే గట్టు మీది కలివి, పరికి, బలుసు పొదలు కొట్టకండి. వాటి పండ్లు పికిళ్లకు ఆహారం. ఎండుగడ్డికి నిప్పు పెట్టకండి. మంట కొండెక్కితే ఒక్క పూటలో పొదలన్నీ పోతాయి. లాంటానా అనే కలుపు పొదను తీసేటప్పుడు ఒకేసారి తుడిచేయకుండా విడతలుగా తీసి, ఖాళీలో కలివి నాటండి.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ గ్రానైట్ క్వారీలది. పొద కాలిపోతే మళ్లీ చిగురిస్తుంది, బండ పోతే తిరిగిరాదు. అందుకే చూసిన ప్రతిసారీ తేదీ, చోటు, సంఖ్య, ఫొటోతో ఈబర్డ్‌లో (పిట్టలను చూసిన వివరాలు రాసే వెబ్‌సైట్) నమోదు చేయండి, గూటి చోటు మాత్రం బయటపెట్టకండి. క్వారీపై ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు వస్తే గడువు 30 రోజులు. ఆలోగా ఆ రికార్డులు జతచేసి కాలుష్య నియంత్రణ మండలికి అభ్యంతరం రాసివ్వండి, రసీదు తీసుకోండి.