పారిస్ పాత కోటకు వెళ్తే అడకత్తెర ఇంట్లో పెట్టండి

పిల్లల దగ్గరికి పారిస్ వెళ్లొచ్చే విజయనగరం పెద్దవాళ్లు ఈఫిల్ టవర్ ఫొటోలే చూపిస్తారు. ముప్ఫై ఏళ్లు కోర్టు గుమస్తాగా చేసినవాణ్ని, నాకు నచ్చింది వేరే. సీన్ నది మధ్య లంకలో ఒకనాటి రాజుల కోట. అందులోనే పాత జైలు, ప్రార్థన మందిరం, ఇప్పటికీ నడుస్తున్న కోర్టు. నల్లగౌన్ల వకీళ్లు కనబడగానే ప్రాణం లేచొచ్చింది.

మెట్రో నాలుగో లైన్లో సిటే స్టేషన్‌లో దిగాలి. సేంట్ షాపెల్ మందిరానికీ, కాన్సియెర్జెరీ జైలుకీ కలిపి ఒకే టికెట్ దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో ముందే టైము చూసి తీసుకోండి. ఎండ కాసే రోజైతే మంచిది, మందిరం రంగుటద్దాలు బాగా వెలుగుతాయి. జనవరి 1, మే 1, డిసెంబర్ 25 సెలవు.

షాపెల్ కోర్టు ఆవరణలో ఉంది కాబట్టి తనిఖీ గట్టిగా ఉంటుంది. నా వక్కల డబ్బాలో అడకత్తెర ఉంది. పోలీసాయన దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, తెరిచి, మూసి, నా మొహంకేసి చూశాడు. ఓ వక్క నోట్లో వేసుకుని నమిలి చూపించాను. నవ్వాడు గానీ వదల్లేదు. ముందుకెళ్తే మా అమ్మ వాడిన అడకత్తెర పోతుంది, వెనక్కెళ్తే టికెట్ టైము పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. చివరికి అల్లుడు, ఇదంతా ఇదివరకే చూసినవాడు, దాన్ని జేబులో వేసుకుని బయట ఉండిపోయాడు. చాకులు, కత్తెరలు, గాజు సీసాలు తేకండి.

కింది అంతస్తు కోట సిబ్బందికి, పైది రాజుకి. పైకి ఇరుకైన మెలికల మెట్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తొందరపడొద్దు. పైన గోడలే లేవనిపిస్తుంది. 15 కిటికీలు, రంగుటద్దాల్లో 1,113 బొమ్మలు. ఎడమవైపు మొదటి కిటికీ నుంచి మొదలుపెట్టి, కింది నుంచి పైకి చదువుకోవాలి. బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్లండి. ఏసుక్రీస్తుదని నమ్మే ముళ్లకిరీటం దాచడానికి ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ ఈ మందిరం కట్టించాడు, 1248లో ప్రతిష్ఠ జరిగింది. కిరీటానికి 1,35,000 లీవ్రులు (అప్పటి ఫ్రెంచి డబ్బు), మందిరం కట్టడానికి 40,000. "నగ కంటే పెట్టె ఖరీదు తక్కువే ఉంటుంది కదండీ" అంది మా ఆవిడ. ఆ కిరీటం ఇప్పుడు నోత్రదామ్ చర్చిలో ఉంది.

తర్వాత జైలు. మొదట వచ్చేది 64 మీటర్ల పొడవున్న రాతి హాలు, కోటలో పనిచేసే రెండువేల మంది భోజనశాల. "ఎన్ని బంతులు వేసేవారో!" అని మా ఆవిడ స్తంభాలు లెక్కపెట్టింది. 14వ శతాబ్దంలో రాజులు వేరే కోటకు మారాక ఇది ఖైదీల పాలైంది. డబ్బున్నవాడికి మంచం, లేనివాడికి గడ్డి.

ఫ్రెంచి విప్లవంలో గద్దె దిగిన రాణి మేరీ ఆంటోనెట్‌ను 1793 ఆగస్టు 2న ఇక్కడికి తెచ్చారు. అక్టోబర్ 14న విచారణ మొదలైంది, 16న తల తీసేశారు. రెండు రోజుల్లో తేలిన అలాంటి కేసు నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు. ఆమె ఉన్న గదిని తర్వాత మందిరంగా మార్చారు. నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం ఆడఖైదీల పెరడు. అక్కడ వాళ్లు బట్టలు ఉతుక్కున్న రాతితొట్టి ఇంకా ఉంది.

బయట మూల బురుజు మీద గడియారం ఉంది. పారిస్‌లో మొదటి బహిరంగ గడియారం 1370 ప్రాంతంలో అక్కడే పెట్టారు. ఊళ్లో గంటస్తంభం దగ్గర కలుద్దాం అన్నట్టే అల్లుణ్ని దాని కింద నిలబడమన్నాం. అడకత్తెర అందుకోగానే ముందు ఒక వక్క కత్తిరించుకున్నాను.