ఉప్పు సరిపోయినా వెలితిగా ఉంటే

సూప్‌లో ఉప్పు సరిపోతుంది, పులుపూ సరిపోతుంది, అయినా నోట్లో వేసుకుంటే నీళ్లు తాగినట్టే ఉంటుంది. ఏళ్ల తరబడి నేను దానికి ఇంకో చిటికెడు ఉప్పు, మరో చిటికెడు ఉప్పు వేస్తూ గిన్నెలకు గిన్నెలు పాడుచేశాను. లోటు ఉప్పుది కాదు, ఉమామిది, అంటే తీపి, పులుపు, ఉప్పు, చేదు కాని ఐదో రుచిది. కమ్మదనం అందామంటే వెన్ననీ, వేగిన వాసననీ కూడా కమ్మగా ఉందనే అంటాం కదా. అందుకే ఈ జపాన్ మాటనే వాడుతున్నాను.

ముందు నాలుకకు దాన్ని గుర్తుపట్టడం నేర్పాలి. బాగా పండిన చిన్న టమాటా ఒకటి నోట్లో వేసుకుని, ముక్కు మూసుకుని, ముప్పైసార్లు నమిలి మింగండి. పులుపు ముందు పోతుంది, తీపి ఆ వెనకే. ఆ తర్వాత కూడా నాలుకంతా పరుచుకుని, నోట్లో నీళ్లూరిస్తూ ఏదో నిలుస్తుందే, అదే. మొదటిసారి నాకు తెలియలేదు, మూడో టమాటాకి దొరికింది.

దాని వెనక ఉన్నది గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లపు రూపం అని 1908లో టోక్యోలో కికునాయె ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు, కొంబు అనే సముద్రపు నాచు నుంచి వేరుచేసి. వంటవాళ్లు గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటే: ప్రోటీన్‌లో బంధించి ఉన్న గ్లుటమేట్‌కి రుచి లేదు, విడివడితేనే నాలుకకు అందుతుంది. పండటం, పులియడం, నెలల తరబడి మాగడం, ఇవన్నీ దాన్ని విడిపించే దారులే. పచ్చి టమాటాకన్నా పండుది, తాజా చీజ్‌కన్నా మాగినది, ఉడికిన సోయా గింజలకన్నా సోయా సాస్ రుచిగా ఉండేది అందుకే. టమాటాలో కండకన్నా గింజల చుట్టూ ఉండే జిగురులో గ్లుటమేట్ ఎక్కువ. సూప్ నున్నగా రావాలని నేను ఇన్నాళ్లూ గీకి పారేసింది సరిగ్గా దాన్నే!

అసలు కిటుకు జోడీలో ఉంది. చేపలు, మాంసంలో ఇనోసినేట్ అనే మరో రుచి పదార్థం ఉంటుంది. ఎండు పుట్టగొడుగుల్లో అలాంటిదే గ్వానిలేట్. వీటిలో ఏదైనా గ్లుటమేట్‌తో కలిస్తే రుచి రెండింతలతో ఆగదు, అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. నాలుక మీద రుచిని పసిగట్టే గ్రాహకంలో గ్లుటమేట్ ఒదిగి కూర్చుంటే, రెండోది వచ్చి తలుపు గడియ వేసినట్టు దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. కాబట్టి టమాటా సూప్‌లో మరిన్ని టమాటాలు కాదు, నాలుగు ఎండు పుట్టగొడుగులు వేసి చూడండి.

పుట్టగొడుగుల్ని వేడినీళ్లలో నానబెట్టకండి. చన్నీళ్లలో, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి, ఆ నీళ్లతో సహా మరిగించండి. నానబెట్టిన నీళ్లు పారబోస్తే రుచి సగం వాటితోనే పోయినట్టు. కొంబు అయితే లీటరు నీళ్లకు పది గ్రాములు. అరగంట నానబెట్టి, సన్న మంట మీద పెట్టి, గిన్నె అడుగున చిన్న బుడగలు లేస్తుండగానే తీసేయండి. నేను ఓసారి ఫోన్ మాట్లాడుతూ తెర్లనిచ్చాను. జిగటగా, చేదుగా, పాత చెరువు వాసనతో తయారైంది.

ఇదంతా లేనప్పుడు ఎంఎస్‌జీ (మోనోసోడియం గ్లుటమేట్, అజినొమోటో పేరుతో దొరికే పొడి) చిటికెడు వేసినా తప్పులేదు. అందులోని గ్లుటమేటూ టమాటాలోని గ్లుటమేటూ ఒకటే. సోడియం దాదాపు 12 శాతం ఉంటుంది, మామూలు ఉప్పులో 39. అయితే ఒట్టి నీళ్లలో కలుపుకుని తాగితే ఏమీ బాగోదు, దానికి ఉప్పు తోడు కావాలి. మోతాదు మించితే వంటలన్నీ ఒకే రుచికి వస్తాయి, అది నాకు నచ్చదు.

ఏది వాడినా ఉప్పు మాత్రం చివర్లోనే వేయండి. సోయా సాస్, మాగిన చీజ్ తమ ఉప్పు తామే తెచ్చుకుంటాయి.