ఫోర్డ్ ఎఫ్‌ఈ ఇంజన్‌పై ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ విప్పేవారికి జాగ్రత్తలు

ఈమధ్య ఒక 390 ఇంజన్ చూశాను. సిలిండర్ హెడ్ అంచున గ్యాస్కెట్ (సందు మూసే పలుచటి పొర) కూర్చునే చోట బొటనవేలంత ముక్క ఎగిరిపోయింది. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి, పెట్రోలు మిశ్రమాన్ని పంచే భాగం) ఎంతకీ రావడం లేదని సందులో పలుగు పెట్టి ఎత్తారట. వాల్వులను తెరిచే రాకర్ చేతులను మోసే కడ్డీలు, అంటే రాకర్ షాఫ్టులు, విప్పనే లేదు, ఇక అదెలా వస్తుంది?

ఫోర్డ్ 1958 నుంచి 1976 వరకు తయారు చేసిన ఎఫ్‌ఈ ఇంజన్లలో (352, 390, 428 వంటివి, అంకె ఘనపుటంగుళాల్లో ఇంజన్ పరిమాణం) మ్యానిఫోల్డ్ అంచులు వాల్వ్ కవర్ల కిందిదాకా వెళతాయి. రాకర్లను కిందినుంచి నెట్టే పుష్‌రాడ్లు దానిలోని రంధ్రాల గుండానే పైకి వస్తాయి. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ కూడా దానిలోంచే బ్లాకులోకి దిగుతుంది. చిన్న షెవ్రొలే వీ8 మీద చేయి తిరిగినవారు బోల్టులు తీసేస్తే చాలనుకుంటారు. బోల్తా పడేది ఇక్కడే.

విప్పే ముందు: బ్యాటరీ నెగటివ్ తీగ తీయండి. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) పూర్తిగా దించండి, లేకపోతే మ్యానిఫోల్డ్ లేవగానే అది నూనెలో కలుస్తుంది. దించిన పళ్లెం నేలమీద వదలొద్దు. తియ్యగా ఉంటుందని కుక్కలు తాగి చస్తాయి.

విప్పేటప్పుడు: ఒకటో సిలిండర్ పిస్టన్‌ను పై స్థానానికి తెచ్చి, డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకున్నాకే డిస్ట్రిబ్యూటర్ తీయండి. రాకర్ షాఫ్టు బోల్టులను ఒక్కొక్కటి కొద్దికొద్దిగా వదులు చేస్తూ రండి. కింద వాల్వ్ స్ప్రింగులు నెడుతుంటాయి, ఒకేచోట వదిలేస్తే షాఫ్టు వంగుతుంది. పుష్‌రాడ్లను అట్టముక్కకు చిల్లులు పెట్టి వరుస తప్పకుండా గుచ్చండి.

ఇంత చేసినా రాలేదా? పలుగు జోలికి పోవద్దు. ఏదో ఇంకా పట్టుకుని ఉంది. జిడ్డు గీకి చూడండి, మడ్డిలో పూడుకుపోయిన బోల్టు ఒకటి తప్పకుండా ఉంటుంది.

బిగుసుకున్న బోల్టుకు తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచండి. ముందు కాస్త బిగించి, తర్వాత వదలండి. ఆరు మూలల సాకెట్టే వాడండి. కార్బురేటర్, పెట్రోలు గొట్టం అక్కడ ఉండగా బోల్టును వేడి చేయడానికి మంట వెలిగించొద్దు. ఎన్నిసార్లు చెప్పినా వెలిగిస్తారు. చెక్కముక్క అడ్డం పెట్టి మ్యానిఫోల్డ్‌ను సుత్తితో మెల్లగా తట్టండి. హెడ్డుకూ మ్యానిఫోల్డుకూ మధ్య స్క్రూడ్రైవర్ కూడా దూర్చొద్దు. అదీ పలుగే. పోత ఇనుప మ్యానిఫోల్డ్ సుమారు 35 కిలోలుంటుంది, నడుము మీద పందెం కాయకుండా క్రేనుతో నిటారుగా ఎత్తండి. లేవగానే హెడ్ల పోర్టుల్లో (గాలి లోపలికి వెళ్లే రంధ్రాల్లో), రెండు హెడ్ల మధ్య లోయలో గుడ్డలు కుక్కండి. పాత గ్యాస్కెట్‌ను చేత్తో గీకండి, తిరిగే రాపిడి చక్రం వద్దు, దాని పొడి బేరింగులను తినేస్తుంది. గుడ్డలు లెక్కపెట్టి బయటికి తీయండి. బిగించాక నూనె మార్చకుండా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు.