ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్‌కు ఎయిర్ కూలరా, లిక్విడ్ కూలరా?

మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో 38 డిగ్రీలు ఉంటే, ఎంత ఖరీదైన కూలర్ బిగించినా ప్రాసెసర్ 38 కంటే కిందికి దిగదు. లిక్విడ్ కూలర్ కూడా చివరికి గది గాలితోనే చల్లబడుతుంది. పంపు తిప్పే ద్రవం గొట్టాల గుండా వేడిని మోసుకెళ్లి, ఫ్యాన్లు బిగించిన రేడియేటర్ దగ్గర దించి వస్తుంది, అంతే. (ఎయిర్ కూలర్ అంటే ఇక్కడ వేసవిలో నీళ్లు పోసి తిప్పే ఇంటి కూలర్ అనుకోకండి. ప్రాసెసర్ మీద కూర్చునే హీట్‌సింక్ (లోహపు రెక్కల దిమ్మె), దానికి తగిలించిన ఫ్యాన్లు.) ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువకు నడపడం, దానితో వేడీ పెరుగుతుంది. కొనేముందు తేల్చుకోవాల్సినవి మూడు: మీ ప్రాసెసర్ ఎన్ని వాట్లు లాగుతోంది, ఎంతసేపు లాగుతోంది, ఆ సమయంలో గది ఎంత వేడిగా ఉంటోంది.

ముందు మీ లెక్క మీరు తీసుకోండి

కంప్యూటర్ లోపలి ఉష్ణోగ్రతలు, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 ప్రోగ్రామ్ తెరిచి సెన్సర్ల పేజీ పెట్టండి. ప్రాసెసర్ లాగే వాట్ల కోసం ఇంటెల్ అయితే సీపీయూ ప్యాకేజ్ పవర్, ఏఎండీ అయితే సీపీయూ పీపీటీ అనే వరుస చూడాలి. కూలర్ ఫ్యాన్లను ఒకే వేగం దగ్గర, ఉదాహరణకు 80 శాతం దగ్గర, స్థిరంగా ఉంచండి. ప్రాసెసర్ మీద పూర్తి భారం పెట్టే సినీబెంచ్ ఆర్23 ప్రోగ్రామ్‌ను 30 నిమిషాల పరీక్షగా నడపండి. కేబినెట్ ముందు గాలి లోపలికి వెళ్లేచోట మామూలు థర్మామీటర్ ఒకటి పెట్టండి. ఏసీ మీద కనిపించే అంకె మీరు పెట్టిన సెట్టింగే కావచ్చు, టేబుల్ కింద ఉన్న కేబినెట్ దగ్గరి గాలి వేడి అది చెప్పదు.

చివరి 5 నిమిషాల సగటు తీసుకోండి. గది 30, ప్రాసెసర్ 86, వాడకం 200 వాట్లు అనుకుందాం. తేడా 56. దాన్ని 200తో భాగిస్తే వాటుకు 0.28 డిగ్రీలు. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే వేసవిని ముందే చూడొచ్చు: అదే భారం, 40 డిగ్రీల గది అయితే 40 + 56 = 96. ఇంటెల్ 14వ తరం కె ప్రాసెసర్లు 100 దగ్గర, ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ 95 దగ్గర, రైజెన్ 7 7800ఎక్స్3డి 89 దగ్గర వేగం తగ్గించుకుంటాయి. జనవరిలో దర్జాగా నిలబడ్డ ఓవర్‌క్లాక్ మే నెలలో ఎందుకు కుంటుతుందో ఈ లెక్కలోనే ఉంది.

ఒక జాగ్రత్త. పరీక్షలో ప్రాసెసర్ అప్పటికే గరిష్ఠ ఉష్ణోగ్రతకు అతుక్కుపోయి ఉంటే ఈ లెక్క పనికిరాదు, ఎందుకంటే అది తనంతట తానే వాట్లు కోసేసుకుంటోంది. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల పేజీ) పవర్ పరిమితిని 30, 40 వాట్లు దించి మళ్లీ కొలవండి.

30 నిమిషాలు ఎందుకంటే, లిక్విడ్ కూలర్‌లోని ద్రవం మెల్లగా వేడెక్కుతుంది. మొదటి 5 నిమిషాలు చూస్తే అద్భుతంగా కనిపిస్తుంది. అసలు స్థితి తెలియడానికి 15, 20 నిమిషాలు పట్టొచ్చు. రెండు నిమిషాల పరీక్షతో ‘ఎయిర్ కూలర్ కంటే 15 డిగ్రీలు తక్కువ’ అని చూపించే వీడియోలను నమ్మి డబ్బు పెట్టొద్దు.

కూలర్ కంటే ముందు వోల్టేజి

ప్రాసెసర్ తీసుకునే పవర్, వేగంతో పాటు నేరుగా పెరుగుతుంది. వోల్టేజి వర్గంతో పెరుగుతుంది. 5.2 గిగాహెర్ట్జ్, 1.25 వోల్టుల నుంచి 5.5 గిగాహెర్ట్జ్, 1.35 వోల్టులకు వెళ్లారనుకోండి. వేగం 6 శాతం పెరిగింది. పవర్ దాదాపు 23 శాతం పెరిగింది. 200 వాట్లు 246 అయ్యాయి. పై లెక్క ప్రకారం ఆ 46 వాట్లకే 13 డిగ్రీలు. మంచి ఎయిర్ కూలర్ నుంచి మంచి లిక్విడ్ కూలర్‌కు మారినా ఇంత తగ్గకపోవచ్చు.

అందుకే కొత్త కూలర్ కొనేముందు ఉచితంగా వచ్చేది తీసుకోండి. రైజెన్‌లో పీబీఓ అనే బయోస్ సెట్టింగు కింద, వోల్టేజి తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌ను అన్ని కోర్లకూ నెగెటివ్ 10తో మొదలుపెట్టి, ఐదేసి చొప్పున దించుతూ ప్రతి మెట్టు దగ్గరా ఓసీసీటీ అనే పరీక్షా ప్రోగ్రామ్‌తో గంటసేపు పరీక్షించండి. భారం లేనప్పుడు కూడా రీబూట్ అయితే ఎక్కువ దించేశారని అర్థం. ఇంటెల్‌లో వోల్టేజి ఆఫ్‌సెట్‌ను మైనస్ 0.025 వోల్టుతో మొదలుపెట్టి నెమ్మదిగా దించాలి. 13, 14 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వాడేవారు మాత్రం దేనికన్నా ముందు బయోస్ అప్‌డేట్ చేయాలి. ఎక్కువ వోల్టేజి అడగడం వల్ల చిప్‌లు పాడైపోయే సమస్యను సరిదిద్దే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఆ అప్‌డేట్లలో 2024 ఆగస్టు నుంచి వస్తోంది. ఆ జబ్బుకు కూలర్ మందు కాదు.

ఎన్ని వాట్లకు ఏది

150 వాట్ల లోపు: లిక్విడ్ కూలర్ ఆలోచనే అక్కర్లేదు. రైజెన్ 5 7600ఎక్స్ పూర్తి భారంలో 142 వాట్ల దగ్గర ఆగుతుంది. రెండు టవర్ల (పక్కపక్కన రెండు హీట్‌సింక్ దిమ్మెలున్న) ఎయిర్ కూలర్‌కు అది తేలిక. పైగా ఈ తరం రైజెన్‌లలో వేడి పుట్టే కోర్ల ముక్క సుమారు 70 చదరపు మిల్లీమీటర్లే, అంటే చిటికెన వేలి గోరంత. దాని మీద మందపాటి లోహపు మూత. వేడి ఆ మూత దాటి బయటికి రావడమే కష్టం. వచ్చాక పైన ఏ కూలర్ ఉన్నా తేడా కొద్దిగానే ఉంటుంది.

150 నుంచి 220: ఇక్కడే జనం ఎక్కువ డబ్బు వృథా చేస్తారు. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ, డీప్‌కూల్ ఏకే620 లాంటి ఆరు హీట్‌పైపుల కూలర్లు ఈ భారాన్ని మోస్తాయి. నాక్టువా ఎన్‌హెచ్-డి15 ఇంకాస్త నిశ్శబ్దంగా మోస్తుంది, ధర మాత్రం చాలా ఎక్కువ. ఇదే భారానికి 240 మి.మీ. రేడియేటర్ ఉన్న లిక్విడ్ కూలర్ కొంటే దక్కేది ప్రధానంగా అందం. పంపు చెడిపోయే అవకాశం అదనం.

220 దాటి, అది గంటల తరబడి సాగితే: 360 మి.మీ. రేడియేటర్ తీసుకోండి. కోర్ ఐ9-14900కె అధికారిక గరిష్ఠ టర్బో పవర్ 253 వాట్లు, పరిమితులు ఎత్తేస్తే 300 దాటుతుంది. వీడియో రెండరింగ్, పెద్ద సాఫ్ట్‌వేర్ బిల్డ్‌లు, త్రీడీ పని రోజంతా చేసేవారికి ఇది న్యాయమైన ఖర్చు. అదే ప్రాసెసర్‌తో గేమ్‌లు మాత్రమే ఆడితే వాడకం చాలాసార్లు 150 లోపే ఉంటుంది, ఎయిర్ కూలర్ చాలు.

సొంతంగా గొట్టాలు, రిజర్వాయర్ బిగించుకునే కస్టమ్ లూప్ సరదా ఉన్నవారి వ్యవహారం. ఏడాదికోసారి ద్రవం మార్చాలి, రాగి బ్లాకుతో అల్యూమినియం రేడియేటర్ కలపకూడదు. ఇక్కడితో దాన్ని వదిలేద్దాం.

టేపు తీసుకుని కొలతలు

ఎయిర్ కూలర్‌కు ఎత్తు ముఖ్యం. పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ 155 మి.మీ., ఏకే620 160, ఎన్‌హెచ్-డి15 165. మీ కేబినెట్ వివరాల్లో రాసిన అంకె కంటే కనీసం 2, 3 మి.మీ. తక్కువ ఉండేది ఎంచుకోండి. అద్దం తలుపు ఫ్యాన్‌కు తగిలితే మోత భరించలేరు. లైట్లున్న పొడవాటి ర్యామ్ ముందు ఫ్యాన్‌కు అడ్డొస్తుంది. ఫ్యాన్‌ను పైకి జరిపితే మొత్తం ఎత్తు పెరుగుతుందని కూడా లెక్కలో పెట్టుకోండి.

రేడియేటర్‌కు మందం ముఖ్యం. మామూలు రేడియేటర్ 27, ఫ్యాన్ 25, మొత్తం 52 మి.మీ. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3లో రేడియేటరే 38, ఫ్యాన్లతో 63. కేబినెట్ కప్పుకూ మదర్‌బోర్డు పై అంచుకూ మధ్య అంత ఖాళీ లేకపోతే ర్యామ్‌కో, హీట్‌సింక్‌కో తగులుతుంది.

బిగించడం

ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడి దాటడానికి పూసే పేస్టు పాతది ఉంటే దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దారపు పోగులు రాలని గుడ్డతో తుడవండి. ఏఎం4 (పాత రైజెన్‌ల సాకెట్) బోర్డు నుంచి పాత కూలర్ తీస్తుంటే ముందు 10 నిమిషాలు కంప్యూటర్‌ను భారంతో నడిపి వేడెక్కించండి. తర్వాత ఆపేసి, కరెంటు తీసి, కూలర్‌ను కుడి ఎడమలకు తిప్పుతూ వదులు చేయండి. నిలువుగా లాగితే ప్రాసెసర్ పిన్నులతో సహా ఊడివస్తుంది. కొత్త రైజెన్‌ల సాకెట్ ఏఎం5లో ఈ బెడద లేదు.

పేస్టు ఏఎం5కు మధ్యలో బఠాణీ గింజంత, నాలుగు మూలలకు కొంచెం లోపలగా మిరియపు గింజకన్నా చిన్న చుక్కలు. దీర్ఘచతురస్రంగా ఉండే ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్ ప్రాసెసర్లకు అడ్డంగా రెండు గీతలు గుణకారం గుర్తులా గీయండి. ఎంఎక్స్-4 లాంటి విద్యుత్ ప్రవహించని పేస్టు అంచు దాటినా ప్రమాదం లేదు. పేస్టుకు బదులు వాడే లిక్విడ్ మెటల్ జోలికి మాత్రం వెళ్లకండి, అందులో విద్యుత్ ప్రవహిస్తుంది, ఒక్క చుక్క బోర్డును షార్ట్ చేస్తుంది.

కూలర్ అడుగున ఉండే పారదర్శక ప్లాస్టిక్ పొర తీశారా? నవ్వొద్దు, కొత్త బిల్డ్ 95 డిగ్రీలు చూపించే కారణాల్లో ఇది చాలా మామూలుది. స్క్రూలు ఎదురెదురుగా, ఒక్కోదాన్ని రెండేసి చుట్లు తిప్పుతూ, అది తనంతట ఆగేదాకా బిగించండి. ఒకవైపు పూర్తిగా బిగించి రెండోవైపు వెళ్తే పేస్టు ఒక పక్కకు తోసుకుపోతుంది. కోర్ల మధ్య 15 డిగ్రీలకు పైగా తేడా కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ఈ బిగింపునే. ఎల్‌జీఏ1700లో సాకెట్ ఒత్తిడికి ప్రాసెసర్ మూత కొద్దిగా వంగుతుంది. ఆ ఒత్తిడిని సమంగా పంచే కాంటాక్ట్ ఫ్రేమ్ వేస్తే కొన్ని డిగ్రీలు కలిసొస్తాయి. లిక్విడ్ ఫ్రీజర్ 3 డబ్బాలో ఇంటెల్ కోసం అది ఇస్తారు.

ఎయిర్ కూలర్ ఫ్యాన్లు ర్యామ్ వైపు నుంచి గాలి లాగి వెనక ఫ్యాన్ వైపు తోయాలి. ఫ్యాన్ పక్కన బాణం గుర్తు లేకపోతే, మోటారును పట్టుకునే కడ్డీలున్న వైపు గాలి బయటికి వస్తుందని గుర్తుపెట్టుకోండి.

లిక్విడ్ కూలర్‌లో ఒకే ఒక్క నియమం తప్పకూడదు: మొత్తం వలయంలో పంపు అన్నిటికన్నా ఎత్తులో ఉండకూడదు. లోపల కొంచెం గాలి ఎప్పుడూ ఉంటుంది, అది పైకి చేరుతుంది. రేడియేటర్ పై భాగం పంపు కంటే ఎత్తులో ఉంటే గాలి అక్కడే ఆగుతుంది. కేబినెట్ అడుగున రేడియేటర్ పెడితే గాలి పంపులోకి చేరి గరగరమంటుంది, పంపు ఆయుష్షు తగ్గుతుంది. కప్పుకు బిగించడం అన్నిటికన్నా సులువు. ముందు భాగంలో అయితే గొట్టాలు కింది నుంచి వచ్చేలా పెట్టండి. పొడవు చాలకపోతే పైనుంచి వచ్చినా ఫరవాలేదు, రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తుగా ఉంటే చాలు.

ముందు పెడితే ప్రాసెసర్‌కు బయటి గాలి దొరికి కొన్ని డిగ్రీలు తగ్గుతాయి, ఆ వేడి గాలి గ్రాఫిక్స్ కార్డుకు పోతుంది. పైన పెడితే తిరగేసి ఇదే. గేమ్‌ల కంప్యూటర్‌కు పైన, రెండరింగ్ కంప్యూటర్‌కు ముందు.

బయోస్‌లో

పంపు వైరును మదర్‌బోర్డు మీది పంపు హెడర్‌కు (వైరు గుచ్చే చోటు) పెట్టి 100 శాతం వేగం ఇవ్వండి. దాన్ని ఉష్ణోగ్రతతో పాటు పెరిగి తగ్గేలా వదిలితే శబ్దం మారుతూ చికాకు పెడుతుంది. రేడియేటర్ ఫ్యాన్లు సీపీయూ ఫ్యాన్ హెడర్‌కు. అది ఖాళీగా ఉంటే చాలా బోర్డులు ఎర్రర్ చూపించి బూట్ ఆపేస్తాయి. ఫ్యాన్ వేగం మారే ముందు 3 నుంచి 5 సెకన్ల ఆలస్యం పెట్టండి, లేకపోతే బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ ఫ్యాన్లు ఉరుముతాయి.

లిక్విడ్ కూలర్ పెట్టినవారు మరచిపోయేది వీఆర్ఎం, అంటే ప్రాసెసర్‌కు కావాల్సిన వోల్టేజి అందించే మదర్‌బోర్డు భాగాలు. ఎయిర్ కూలర్ ఫ్యాన్ల గాలి సాకెట్ చుట్టూ ఉన్న ఆ భాగాలకూ తగులుతుంది. లిక్విడ్‌లో ఆ చోట గాలి కదలదు. చవక బోర్డు మీద 200 వాట్లు నడిపితే, ప్రాసెసర్ 75 దగ్గర హాయిగా ఉన్నా వీఆర్ఎం 100 దాటి వేగం పడిపోవచ్చు. కేబినెట్ వెనక ఫ్యాన్ తీయకండి.

చెడిపోయేటప్పుడు ఎలా తెలుస్తుంది

ఎయిర్ కూలర్‌లో పోయేది ఫ్యాన్. శబ్దం చేస్తూ పోతుంది, ఇంకో 120 మి.మీ. ఫ్యాన్ తగిలిస్తే అయిపోయింది. ఈ లోపు హీట్‌సింక్ ఒక్కటే కంప్యూటర్‌ను మామూలు పనులకు నిలబెడుతుంది.

పంపు పోతే అలా కాదు. బయోస్ పేజీలోనే ఉష్ణోగ్రత సెకన్లలో 90 దాటి కంప్యూటర్ ఆగిపోతుంది. ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి చాలామంది పేస్టు మార్చి, మళ్లీ మార్చి, రోజంతా పోగొట్టుకుంటారు. ముందు పంపు ఆర్‌పీఎం చూడండి. సున్నా అయితే వైరు, వైరు బాగుంటే పంపు. కొత్తదానిలో మొదటి కొన్ని గంటలు బుడగల శబ్దం మామూలే. మూడేళ్ల తర్వాత మొదలైతే ద్రవం తగ్గిందని. గొట్టాల గోడల గుండా అది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరవుతుంది, చాలా మోడళ్లలో మళ్లీ నింపే వీలుండదు. వారంటీ ఐదారేళ్లున్నది చూసి కొనండి, బిల్లు ఫొటో తీసి దాచుకోండి.

దుమ్ము రెండింటికీ శత్రువే, రేడియేటర్‌కు ఇంకా ఎక్కువ: దాని రెక్కలు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఫ్యాన్ చాటున దుమ్ము చాప కట్టినా బయటికి కనిపించదు. కేబినెట్ జల్లెడ నెలకోసారి, రెక్కలు మూడు నెలలకోసారి బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. వేసవిలో ఇంటి కూలర్ గాలి నేరుగా కేబినెట్‌లోకి తిప్పొద్దు, దానితో పాటు నీటి తుంపర్లు వస్తాయి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బిల్డ్ చేయించి బస్సు పార్సిల్‌లో ఊరికి పంపుతుంటే, రెండు టవర్ల ఎయిర్ కూలర్ విప్పి విడిగా పెట్టించండి. కిలో పైన బరువు నిలువు బోర్డుకు వేలాడుతూ గతుకుల్లో ఊగితే బోర్డు వంగొచ్చు, పగలొచ్చు కూడా. విప్పిన కూలర్‌తో పాటు పేస్టు ట్యూబు అడిగి తీసుకోండి. లిక్విడ్ కూలర్ అయితే అలాగే ఉంచి పంపొచ్చు. ఇంటికి చేరాక కేబినెట్‌ను నిలబెట్టి, కరెంటు పెట్టేముందు పంపు చుట్టూ, గొట్టాల మొదళ్ల దగ్గర పొడి టిష్యూతో అద్ది చూడండి. తడి తగిలితే ఆన్ చేయకుండా తిప్పి పంపండి.