పాత రేసు కారును రోడ్డెక్కించాలంటే: వింటేజ్ రిజిస్ట్రేషన్ దరఖాస్తు విధానం

చెన్నై దగ్గరి షోలవరంలో కారు పందేలు జరిగిన కాలపు ఫియట్ 1100 గానీ, స్టాండర్డ్ హెరాల్డ్ గానీ హనుమకొండ, కాజీపేట వైపు ఏ షెడ్డులోనో దొరికి, దానిని మళ్లీ నడపాలనుకునేవారు ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి. ఆ బండి రోడ్డు కోసం తయారై తరువాత రేసులకు మార్చినదా, లేక ట్రాక్ కోసమే కట్టినదా అన్నదే ఆ విషయం. ఒకే సీటు ఉండే ఫార్ములా కార్లు రెండవ రకానికి చెందుతాయి. వాటికి రిజిస్ట్రేషన్ ఆశ పెట్టుకోకపోవడమే మేలు; ట్రెయిలర్ మీద ట్రాక్‌కు తీసుకెళ్లి నడుపుకోవడమే దారి. ఇక్కడ చెప్పేదంతా మొదటి రకం బండ్ల గురించే.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2021 జూలైలో చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా పరిగణిస్తారు. వయసు లెక్క సులువే. చిక్కంతా ‘అసలు రూపం’ దగ్గరే వస్తుంది, ఎందుకంటే ఛాసిస్‌లోనో (బండి చట్రంలోనో), బాడీలోనో, ఇంజిన్‌లోనో పెద్ద మార్పులు జరిగిన బండి ఈ నిర్వచనంలోకి రాదు, రేసు బండిలో సాధారణంగా మార్చేవి సరిగ్గా అవే. బాడీకి వెల్డింగ్ చేసిన రోల్ కేజ్ (బండి బోల్తా పడితే డ్రైవరును కాపాడే ఇనుప గొట్టాల చట్రం), కోసేసిన వెనుక భాగం, వేరే బండి నుంచి తెచ్చి బిగించిన ఇంజిన్ ఉంటే, దరఖాస్తు కంటే ముందు వాటిని సరిచేయాలి. తీసేసిన సైలెన్సర్, హారన్, వైపర్లు, అద్దాలు, ఇండికేటర్లు తిరిగి బిగించడం వాటితో పోలిస్తే చిన్న పని. రేసు రూపాన్నే ఉంచుకుని రోడ్డు అనుమతి కూడా కావాలనుకునేవారికి ఈ మాట రుచించకపోవచ్చు గానీ, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా చెబుతోంది.

దరఖాస్తు ఫారం 20లో చేయాలి. దానితో పాటు అమలులో ఉన్న బీమా పాలసీ, ఇంతకుముందు మన దేశంలో రిజిస్టరైన బండి అయితే పాత ఆర్సీ, విదేశం నుంచి తెప్పించినదైతే బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతికి కస్టమ్స్ పత్రం) జతచేయాలి. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. ఆర్సీ తాతగారి పేరు మీదే ఉండిపోయిన సందర్భాలు మన దగ్గర ఎక్కువ కాబట్టి, వారసులు ముందు ఫారం 31తో పేరు మార్పు చేయించుకోవడం మంచిది. ఆర్సీ పోయినట్లయితే ఫారం 26తో నకలు తీసుకోవాలి. బండి వేరే రాష్ట్రంలో రిజిస్టరైనదైతే అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 ద్వారా ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకోవాలి.

దరఖాస్తుకు కావాల్సిన ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ (కాగితం మీద పెన్సిల్‌తో రుద్ది తీసే నంబరు అచ్చు) విషయంలో తొందర పనికిరాదు. రేసు బండికి ఎన్నోసార్లు రంగు వేసి ఉంటారు కనుక నంబరు చెక్కిన చోట పొరలు పేరుకుంటాయి. గీకకుండా, థిన్నర్‌లో ముంచిన గుడ్డతో మెల్లగా తుడిచి, పలుచటి కాగితం అద్ది, మెత్తటి పెన్సిల్‌ను పక్కకు వాల్చి రుద్దితే అంకెలు తేలుతాయి. గరుకు కాగితంతో రుద్దితే అంకె అంచులు అరిగి, నంబరు దిద్దారన్న అనుమానానికి తావిస్తాయి.

తనిఖీకి బండిని స్వయంగా చూపించాలి. దాని రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో లేకపోతే కార్యాలయం దాకా నడిపి తీసుకెళ్లకూడదు, టోయింగ్ వాహనం మీదే తరలించాలి. రిజిస్ట్రేషన్ లేని బండిని నడిపితే మొదటిసారికే 2,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా పడుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే 60 రోజుల్లో ఫారం 23ఏలో ధ్రువపత్రం ఇవ్వాలి. ఇదివరకే రిజిస్టరైన బండి పాత నంబరునే ఉంచుకోవచ్చు, 1989కి ముందటి మూడక్షరాల నంబరు ఉన్నవారు దానిని వదులుకోకపోవడమే మంచిది. కొత్తగా ఇచ్చే నంబరు తెలంగాణలో ‘టీజీ వీఏ’తో (వీఏ అంటే వింటేజ్) మొదలై, ఆపై రెండు అక్షరాలు, నాలుగు అంకెలతో ఉంటుంది.

ఈ రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది, తరువాత మళ్లీ చేయించడానికి 5,000 రూపాయలు. అయితే ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనానికి, మరమ్మతుకు తప్ప రోజువారీగా గానీ, వాణిజ్యానికి గానీ ఆ బండిని నడపకూడదు. కాజీపేట నుంచి హనుమకొండ చౌరస్తాకు నిత్యం దానిలోనే వెళ్లిరావాలనుకునేవారికి వింటేజ్ మార్గం సరిపోదు. వారు మామూలు ఆర్సీనే ఫారం 25తో పునరుద్ధరించుకోవాలి. దానికి ఫిట్‌నెస్ తనిఖీ నెగ్గాలి, గడువు అయిదేళ్లే.