సన్నని చీలికలో కాంతి వివర్తనాన్ని చూసి కొలవడం ఎలా?

కాంతి తిన్నగా ప్రయాణిస్తుందని నేర్చుకున్నది చాలావరకు నిజమే గాని, దారి బాగా ఇరుకైనప్పుడు అది పక్కలకు పరుచుకుంటుంది. ఈ వివర్తనాన్ని చూడటానికి ఎర్ర లేజర్ పాయింటరు, రెండు కొత్త బ్లేడులు, అట్టముక్క, టేపు, స్కేలు సరిపోతాయి.

ముందుగా అట్టలో చిన్న కిటికీ కోసి, పదునైన అంచులు ఎదురెదురుగా ఉండేలా దాని మీద బ్లేడులను పెట్టండి. ఒకదాన్ని అంటించాక, దాని అంచుకు ఒక కాగితపు అంచును నిలువుగా ఆనించి, రెండోదాన్ని ఆ కాగితానికి తగిలేదాకా జరిపి అంటించి, కాగితాన్ని మెల్లగా లాగేయండి. మామూలు కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు కనుక చీలిక కూడా దాదాపు అంతే వస్తుంది. ఇక్కడ తొందరపడకూడదు, చీలిక ఒక కొసన వెడల్పుగా, మరో కొసన ఇరుకుగా ఉంటే పట్టీలు స్పష్టంగా రావు.

చీకటి గదిలో చీలికను నిలువుగా నిలిపి, లేజరును కదలకుండా అమర్చి, 2 మీటర్ల దూరంలోని తెల్లగోడ మీద వెలుగు పడేలా చూడండి. నేరుగా వచ్చే కిరణం గాని, బ్లేడు మీద పడి తిరిగివచ్చే మెరుపు గాని ఎవరి కంట్లోనూ పడకూడదు.

చీలిక నిలువుగా ఉన్నా వెలుగు అడ్డంగా పరుచుకోవడం మొదటిసారి చూసేవారికి వింతగా తోస్తుంది. ఇరుకు ఏ దిశలో ఉందో ఆ దిశలోనే కాంతి విస్తరిస్తుంది. మధ్యలో ప్రకాశవంతమైన వెడల్పాటి పట్టీ, దానికి ఇరువైపులా సగం వెడల్పున్న మసక పట్టీలు, వాటి నడుమ చీకటి కనిపిస్తాయి. చీకటికి కారణం తెలియాలంటే చీలికను ఊహలో రెండు సగాలుగా విభజించాలి: మొదటి చీకటి చోటికి ఎడమ సగంలోని ప్రతి బిందువు నుంచి వచ్చే తరంగానికీ, కుడి సగంలోని దాని జోడు నుంచి వచ్చే తరంగానికీ మధ్య సరిగ్గా అర తరంగదైర్ఘ్యం (తరంగంలో ఒక ఎత్తు నుంచి తర్వాతి ఎత్తుకు ఉండే దూరంలో సగం) తేడా ఉంటుంది. ఒకదాని శృంగం (ఎత్తు) మరొకదాని ద్రోణి (పల్లం) మీద పడి, రెండూ రద్దవుతాయి.

ఇక కొలత. మధ్య పట్టీకి అటూ ఇటూ ఉన్న మొదటి చీకటి గీతల మధ్య దూరాన్ని స్కేలుతో కొలవండి. తరంగదైర్ఘ్యాన్ని గోడ దూరంతో గుణించి, రెట్టింపు చేసి, ఈ కొలతతో భాగిస్తే చీలిక వెడల్పు వస్తుంది. 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న లేజరుతో 26 మిల్లీమీటర్లు వస్తే చీలిక వెడల్పు 0.1 మిల్లీమీటరు అన్నమాట. చీలికను సగానికి తగ్గిస్తే మధ్య పట్టీ 52 మిల్లీమీటర్లకు పెరుగుతుంది.

చీలిక స్థానంలో ఒక తలవెంట్రుకను బిగించినా, మధ్యలోని లేజరు చుక్కకు రెండు పక్కలా ఇలాంటి పట్టీలే వస్తాయి. ఇదే లెక్కతో వెంట్రుక మందాన్నీ తేల్చవచ్చు.